యాడ కాదప్పా, ఎప్పుడు?

ముందు ఎడమ చక్రమే. కాదు, వెనకదేమో. అద్దం దించి వింటే కుడివైపు నుంచి వస్తున్నట్టుంది, ఎత్తేస్తే సరిగ్గా మన సీటు కిందికి వచ్చి కూర్చుంటుంది. పక్కసీట్లో ఉన్న ఇల్లాలికి అసలేమీ వినపడదు. వెనకసీట్లో ఉన్న బావమరిదికి నాలుగు చక్రాల నుంచీ వినపడుతుంది, పైగా పాకాలలో ఆయనకు తెలిసినాయన కారుకు ఇట్లాగే మొదలై చివరికి ఇంజనే దించాల్సి వచ్చిందట. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరి, ఇంకో అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకున్న కారు ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ చర్చ ఏడాదికి రెండు సీజన్లు నడుస్తుంది. బండి ఆగిపోయినా బాగుండును. ఆగిన బండికి పద్ధతులున్నాయి: తోస్తాం, తాడు కడతాం, ఎవరికో ఫోన్ చేస్తాం. నడుస్తూనే గొణిగే బండిని ఏం చేస్తాం? పంటినొప్పికి డాక్టరున్నాడు, పంటి సందున ఇరుక్కున్న మామిడి పీచుకు ఎవరున్నారు? నాలుక మాత్రం పది రోజులు అక్కడే తిరుగుతుంది. చక్రం దగ్గరి శబ్దం అచ్చంగా ఆ పీచే. ఆఫీసులో గుర్తుకు రాదు, అన్నం దగ్గర గుర్తుకు రాదు, తాళంచెవి తిప్పిన మరునిమిషం చెవి దానికోసం కాచుకొని కూర్చుంటుంది. ఒక రోజు రాకపోతే ఇంకా భయం, యాడికి పోయిందా అని.

ఈ జాడ్యానికి మందు దొరకకపోవడంలో కారు తప్పు కొంత, మెకానిక్కు తప్పు కొంత ఉంటే ఉండవచ్చు గానీ, అసలు తప్పు మొదటి ప్రశ్నదని నా వాదన. తిరుపతి లీలామహల్ సర్కిల్ మొదలుకొని చిత్తూరు బస్టాండు వరకు ఏ షెడ్డుకు పోయినా మొదట వినపడేది ఒకటే: ‘‘యాడ సామీ వస్తాండేది?’’ మనమూ దానికే తయారై పోతాం. ‘‘ఈడ’’ అని వేలు చూపిస్తాం. ఆ వేలు ఎటు తిరిగితే అటువైపు చక్రం విప్పుతారు, అటువైపు సామాను మారుతుంది, బిల్లు మాత్రం ఇటువైపు వస్తుంది. శబ్దం ఎక్కడిది అక్కడే ఉంటుంది. నిజానికి చెవికి దిక్కు తెలియడమనేది చాలా సున్నితమైన లెక్క. ఒక శబ్దం ఒక చెవికి చేరడానికీ రెండో చెవికి చేరడానికీ మధ్య తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త తేడాను పట్టుకొనే మెదడు కుడి అనో ఎడమ అనో తేలుస్తుంది. ఇది ఆరుబయట గాలిలో వినేటందుకు మనిషికి అబ్బిన విద్య. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోతుంది. కారంటే మరేమిటి, ఒకదానికొకటి అతికించిన ఉక్కురేకుల డబ్బా. ముందు చక్రం దగ్గర పుట్టిన మూలుగు డోరు దాకా, సీటు పట్టాల దాకా, డిక్కీ మూత దాకా రెప్పపాటులో పాకిపోయి, ఎక్కడ రేకు వదులుగా ఉంటే అక్కడ నోరు తెరుస్తుంది. నొప్పి ఒకరిది, అరుపు ఇంకొకరిది. అందులోనూ బేరింగు రొదలాంటి లోగొంతు శబ్దాలకు దిక్కు పట్టడం మరీ కష్టం. అట్లాంటప్పుడు ‘యాడ’ అని అడగడమంటే, కల్యాణ మండపం బయట నిలబడ్డవాణ్ణి పట్టుకొని లోపల ఏ వరసలో పిల్లవాడు ఏడుస్తున్నాడో చెప్పమనడమే. అదే మనిషిని ‘ఎప్పుడు’ అని అడగండి. మేళం మోగినప్పుడల్లా ఏడుస్తున్నాడు, ఆగితే ఆపేస్తున్నాడు అని తడుముకోకుండా చెబుతాడు.

తార్కికులు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. కొండ మీద పొగ కనపడితే నిప్పు ఉన్నట్టేనన్నది న్యాయశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి చెప్పీ చెప్పీ అరిగిపోయిన ఉదాహరణ. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో తర్కం చదివే పిల్లలకు తల ఎత్తితే కొండ ఎదురుగానే ఉంటుంది కాబట్టి దాన్ని ఊహించుకొనే శ్రమ కూడా లేదు. (మన కొండ మీద చక్రాల దగ్గర పొగ కనపడితే అది బ్రేకులది. తర్కం మాత్రం అదే.) పొగను చూడగానే నిప్పు ఏ మూల ఉందని తార్కికుడు అడగడు. ఇది ఉన్నప్పుడల్లా అది ఉంటోందా అని అడుగుతాడు. చక్రాన్నీ అట్లాగే అడగాలి. గంటకు నలభై దాటాక మొదలై, వేగంతోపాటు పెరిగే రొద ఒకటి ఉందనుకోండి. చదునైన ఖాళీ రోడ్డు మీద ఒక్క క్షణం గేరు తీసి న్యూట్రల్‌లో వదిలినా అది తగ్గలేదంటే ఇంజనుతో దానికి చుట్టరికం లేదు, పాకాల పెద్దమనిషిని అంతటితో మరచిపోవచ్చు. రోడ్డు తారు నుంచి సిమెంటుకు మారినప్పుడు రొద గొంతు మారిందా, అయితే టైరును చూడండి. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు బేరింగు కంటే బాగా బేరింగులాగా అరుస్తుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు వేసి చూస్తే, శబ్దం కూడా వాటితోపాటే కాపురం మార్చిందంటే ఇక అనుమానం లేదు. దీనికి అయ్యే ఖర్చు ఒక జాకీ, ఒక అరగంట. రోడ్డు మారినా గొంతు మారకుండా, కుడికి తిరిగే పొడుగాటి వంపులో పెరిగి ఎడమ వంపులో తగ్గితే ఎడమ చక్రం బేరింగు మీద కన్ను వేయాలి, కుడికి తిరిగే బండి బరువంతా ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది కాబట్టి. చూశారా, నాలుగుసార్లు ‘ఎప్పుడు’ అని అడిగేసరికి ‘యాడ’ దానంతటదే వచ్చి నిలబడింది.

ఈ విద్యకు తిరుపతివాళ్లకు దొరికినంత మంచి పరీక్షశాల ఇంకో ఊరికి దొరకలేదు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు ఎక్కేది కొత్తదాని మీద, దిగేది పాతదాని మీద. ఇదంతా రద్దీ తట్టుకోవడానికని అందరూ అనుకుంటారు. పాత కార్లవాళ్ల కోసమేమోనని నా అనుమానం. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసేది లేదు, మలుపు మలుపుకూ స్టీరింగు బాగా తిప్పక తప్పదు. ముందు చక్రాలకు ఇంజను లాగుడు అందే కార్లలో డ్రైవ్ షాఫ్టు చివరి జాయింటుకు ఇంతకు మించిన పరీక్ష లేదు. దాని మీది రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి పోయి ఉంటే, బరువు మోస్తూ వంగినప్పుడల్లా టకటకమంటుంది, నేరుగా పోయేటప్పుడు నోరెత్తదు. పెద్దవయసు మోకాలి తంతే, దాని సంగతి అలిపిరి మెట్లెక్కి మోకాళ్ల పర్వతం చేరినవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. దిగేటప్పుడు కథ మారుతుంది. యాక్సిలరేటర్‌కు సెలవు, బండి రెండో గేర్లో ఉంటుంది, పనంతా బ్రేకులది. ఇక్కడ అరిచేవి ప్యాడ్లు, డిస్కులు. ప్యాడు అరిగి చివరి రెండు మూడు మిల్లీమీటర్లకు వస్తే, దానికి బిగించిన చిన్న రేకుముక్క డిస్కుకు రాసుకొని కీచుమనేటట్టు కొన్ని కంపెనీలు కావాలనే చేసిపెట్టాయి. దొంగ వచ్చాడని అరవడానికి జీతమిచ్చి పెట్టుకున్న కాపలావాడు అన్నమాట. మనం ఆ కాపలావాడి అరుపు భరించలేక పాటల సౌండు పెంచుతాం. కొండ ఎక్కడానికి 28 నిమిషాలకూ, దిగడానికి 40 నిమిషాలకూ తక్కువ పట్టకూడదని నిబంధన. ముందే వచ్చేస్తే గేటు దగ్గర జవాబు చెప్పుకోవాలి. రెండూ కలిపితే 68 నిమిషాలు, కారు చెప్పేది వినండి నాయనా అని దేవస్థానమే తీరిక కల్పించినట్టు. ఆ తీరికలో మనం అద్దాలెత్తి, ఏసీ వేసి, అన్నమయ్య కీర్తనలు పెట్టుకుంటాం.

అంటే శబ్దం చేసే బండిని కొండకు తోలమంటావా అని అడగవచ్చు. పొరపాటున కూడా వద్దు. బ్రేకు తొక్కితే ఇనుము ఇనుమును గీరే గరగర వినపడినా, చక్రం వదులైనట్టు లొడలొడ వినపడినా ఆ బండిని అలిపిరి సంగతి అటుంచి వీధి చివరి దాకా కూడా తీసుకుపోకూడదు. ముందు నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, బండిని ఉన్నచోటే ఆపి మనిషిని పిలిపించాలి. నేను చెప్పేది ఒకటే. పోయిన నెల తలనీలాలిచ్చి వచ్చినవాడికి జవాబు ఇప్పటికే తెలుసు, తెలిసినట్టు తెలియదు, అంతే. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఈ ఒక్క ముక్కతో షెడ్డులో సగం పని తీరిపోతుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఘాట్ రోడ్డు వేగంలో బేరింగు రొద పెద్దగా బయటపడదు, రెండో గేరు ఇంజను మోతలో మునిగిపోతుంది. రొద వినాలంటే చంద్రగిరి దాటి చిత్తూరు హైవే మీదికి పోవాల్సిందే. అన్నట్టు బ్రహ్మోత్సవాల్లో స్వామివారి వాహనాల్లో చక్రాలున్నవి రథమూ స్వర్ణరథమూ రెండే. శేషుడు, హంస, సింహం, గరుత్మంతుడు, ఏనుగు, గుర్రం, అందరూ మనుషుల భుజాల మీద ఊరేగేవాళ్లే. చేతిలో చక్రం పట్టుకున్నవాడే చక్రాలను ఇంత తక్కువగా నమ్ముకున్నాడంటే, ఆయనకు తెలియని విషయం లేదన్న మాట నిజమే.

రెండో లోపం మాటలది. ‘‘ఏమైంది సామీ?’’ ‘‘సౌండ్ వస్తాండాదప్పా.’’ ‘‘ఏం సౌండ్?’’ ‘‘అదే, ఒక మాదిరి సౌండ్.’’ శబ్దాలకు ఇన్ని మాటలున్న భాష నోట్లో పెట్టుకొని, కారు దగ్గర మాత్రం మనం ఒక్క ఇంగ్లీషు మాటతో సరిపెట్టుకుంటాం. ఆవాలు చిటపటలాడతాయి, పట్టుచీర గరగరలాడుతుంది, ఎండుటాకులు గలగలమంటాయి, తలుపు కిర్రుమంటుంది, పిడుగు ఫెళ్లుమంటుంది, కడుపు గుడగుడమంటుంది, ఖాళీ కుండ లొటలొటమంటుంది. శెనక్కాయను చెవి దగ్గర పెట్టి ఆడించి, గలగలను బట్టి ఎండిందో లేదో తేల్చే రైతు, అదే చెవితో కారు దిగి ‘సౌండ్’ అంటాడు. సిగ్గు అనుకుంటాను. పెద్దమనిషి నలుగురిలో నిలబడి ‘‘కుయ్యి కుయ్యి మంటాంది’’ అంటే ఏం బాగుంటుందని. ఇంజను ఉన్నదానికి ఇంగ్లీషే మర్యాద అని మనకో భ్రమ. ఆ మర్యాద ఖరీదు రెండు బేరింగులు.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఆమ్రేడితమని ఒక సంగతి ఉంది. బడిలో రెండు మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష హాలు మెట్లు దిగేలోపు మరచిపోయాం. ఒకే మాట రెండుసార్లు వస్తే ఆ రెండోదాన్ని ఆమ్రేడితం అంటారు. పగలు, పగలు కలిసి పట్టపగలు. చివర, చివర కలిసి చిట్టచివర. మెకానిక్కుకు కావలసిందంతా ఇందులో ఉంది. ‘టక్కు’ వేరు, ‘టకటక’ వేరు. బ్రేకు తొక్కగానే ఒక్కసారి టక్కుమని ఊరుకుందంటే ఏదో వస్తువు తన చోటి నుంచి కాస్త జరిగి ఆగిందని అర్థం: వదులైన ప్యాడో, బుష్షు అరిగిన ఆర్మో. టకటకమందంటే తిరిగేదేదో ఉంది. ఆమ్రేడితం లేకుంటే జరిగేది, ఉంటే తిరిగేది. ఈ సూత్రం సూరిగారు రాయలేదు. బాలవ్యాకరణం వచ్చిన 1858కి కార్లు పుట్టలేదు కాబట్టి మన్నించవచ్చు. అసలు ‘లొడ’ అని తెలుగులో విడిగా మాటే లేదు గమనించారా? లొడలొడ మాత్రమే ఉంది. వదులైన వస్తువు ఒక్కసారి మోగి ఊరుకోదని మన భాషకు ముందే తెలుసు. ఆమ్రేడితాన్ని కొలవవచ్చు కూడా. మారుతి 800కు వేసే 145/70 ఆర్ 12 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.6 మీటర్లు ముందుకు పోతుంది, అంటే మనిషి రెండడుగులు. బండిని నడకతో సమానంగా పోనిచ్చి, పక్కన ఒకరు నడిస్తే చాలు. రెండడుగులకొక టక్కు వచ్చిందంటే చుట్టుకొకటి వస్తున్నట్టు. టైరు గాళ్లలో రాయో మేకో దిగి ఉంటుంది. బావమరిదిని నడిపిస్తే మంచిది, వెనకసీటు ఖాళీ అవుతుంది.

ఇంక కిర్రు. దీన్ని మనం ఇప్పుడు రోగంగా చూస్తున్నాం గానీ ఒకప్పుడు సీమలో ఇది షోకు. కిర్రుచెప్పులు తొడుక్కొని నడిస్తే వీధి ఆ చివర ఉన్నవాడికి ఈ చివర మనిషి తెలియాలి. కిర్రుమనకపోతే కుట్టినవాడిదే తప్పు. అంటే డబ్బులిచ్చి, అడిగి మరీ చేయించుకున్న శబ్దం. అదే కిర్రు ఇప్పుడు స్పీడ్‌బ్రేకరు దాటేటప్పుడు ముందు చక్రం మీద గట్టిబడిన రబ్బరు బుష్షు నుంచి వస్తే డబ్బులిచ్చి తీయించుకుంటున్నాం. ఎద్దుల మెడకు గజ్జెలు కట్టాం, బండి ఇరుసుకు మాత్రం ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి కందెన రాశాం. ఏ శబ్దం ఉండాలో ఏది ఉండకూడదో అప్పటివాళ్లకు ఖరారుగా తెలుసు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత. ఆ సామెతను ఒకసారి బిల్లు చదివినట్టు చదవండి. రోగం ఉంది, కారణం ఉంది, మందు ఉంది, వెటకారం ఉచితం. సర్వీసింగు అయ్యాక మన చేతిలో పెట్టే మూడు పేజీల కాగితంలో ఈ నాలుగింటిలో ఒకటైనా ఉంటుందా? ‘కన్స్యూమబుల్స్’ అని ఒక వరస ఉంటుంది. అదేమిటని అడిగితే కౌంటరు వెనక ఉన్న పిల్లవాడు కంప్యూటర్ కేసి చూస్తాడు, కంప్యూటర్ మనకేసి చూస్తుంది. చెప్పులకూ చక్రాలకూ ఏం సంబంధమని ఇప్పుడు మీరు అడగవచ్చు. రెండూ అరుగుతాయి. అంతకు మించి సంబంధం లేదని ఒప్పుకొని వాదనలోకి వస్తాను.

ఇదంతా మాటల గారడీ, ఇప్పుడు స్కానర్లు వచ్చాయి కదా అనేవాళ్లున్నారు. స్కానర్ సెన్సర్లు చెప్పింది చదువుతుంది. అరిగిన బుష్షుకు సెన్సర్ లేదు, గీరుకుంటున్న రేకుకు లేదు. ఏబీఎస్ ఉన్న బండిలో చక్రం దగ్గర ఒకటి ఉంటుంది గానీ, అది చూసేది చక్రం ఎంత వేగంతో తిరుగుతోందనే, ఎంత బాధతో తిరుగుతోందని కాదు. అదైనా కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. మన చర్చలో ఉన్న కారు అప్పటికే షష్టిపూర్తికి దగ్గరపడింది. కాబట్టి స్కానర్ ‘ఏ లోపమూ లేదు’ అంటుంది. రక్తపరీక్షలో మోకాలినొప్పి కనపడనట్టే. సరే, అనుమానం ఉన్నవన్నీ వరసపెట్టి మార్చేస్తే పోదా అంటారు ఇంకొందరు. బేరింగులు, ప్యాడ్లు, డిస్కులు, లింకు రాడ్లు, బుష్షులు, షాకబ్జర్లు. పోతుంది. ఆ లెక్కన కారు మొత్తం మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు కొత్త కారు కూడా వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మూడు వస్తువులు ఒకేసారి మార్చాక శబ్దం పోతే, పోగొట్టింది ఏదో ఎప్పటికీ తెలియదు. రెండేళ్లకు మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మూడూ మార్చాలి. డబ్బు పోయింది సరే, తెలివి కూడా రాలేదు. మార్చిన పాత సామాను చూపించమంటే ఎప్పుడూ అప్పుడే చెత్తబండి వచ్చి పోయి ఉంటుంది.

షెడ్డుకు తీసుకుపోగానే శబ్దం మాయమవుతుంది, దానికేం చేయమంటావు అన్నది అన్నింటికంటే గట్టి అభ్యంతరం. చిత్తూరుకు దగ్గర్లోనే కాణిపాకం ఉంది. వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవాడు నిలవడని నమ్మకం, పంచాయితీల్లో తేలని తగవులు అక్కడ తేలతాయి. కారునూ యజమానినీ మెకానిక్కునూ ముగ్గురినీ కోనేట్లో ముంచి తెచ్చి నిలబెట్టాలనిపిస్తుంది. కారు ‘నేను అరవలేదు’ అని, యజమాని ‘అరిచింది’ అని, మెకానిక్కు ‘కంపెనీ సామానే వేసినాను’ అని. మొదటి ఇద్దరికీ భయం లేదు. నిజానికి ఇక్కడ ఎవరూ అబద్ధమాడటం లేదు. రాత్రి వానకు డిస్కు మీద పట్టిన సన్నటి తుప్పు నాలుగు బ్రేకులతో రాలిపోతుంది, దాంతోపాటు గరగరా పోతుంది. చల్లగా ఉన్నప్పుడు బిర్రబిగిసిన రబ్బరు అయిదు కిలోమీటర్లకు మెత్తబడుతుంది. వేడెక్కితే గ్రీజు పలచబడుతుంది, ఇనుము ఉబ్బి సందులు మారతాయి. ఇంటి దగ్గర అరిచిన కారు షెడ్డుకు చేరేసరికి వేరే కారు. అందుకే దాన్ని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలేసి రావాలి, పొద్దున తాళం తిప్పేది మెకానిక్కే కావాలి. ఇది కూడా ‘ఎప్పుడు’ ప్రశ్నేనని వేరే చెప్పక్కరలేదు. చివరగా, అమ్మేయరాదా అనే హితులుంటారు. అమ్మవచ్చు. శబ్దం సంగతి కొనేవాడికి చెప్పి అమ్మాలా, చెప్పకుండా అమ్మాలా అన్న దగ్గర మళ్లీ కాణిపాకం దారే పట్టాలి.

పాతకాలం మేస్త్రి అయితే ఇవేమీ అడగకుండానే పట్టేసేవాడు అనే మాటకు మాత్రం నా దగ్గర ఎదురు లేదు. జాకీ మీద లేచిన చక్రాన్ని పిల్లవాడు చేత్తో తిప్పుతుంటే, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన హబ్బు వెనక ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టి, కళ్లు మూసుకొనేవాడు. గాలి కంప్రెసరు ఆపేవాళ్లు. నలుగురూ మాటలాపేవాళ్లు. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండెకు ఆనించి విన్నాడు, స్టెతస్కోపు అక్కడ మొదలైంది. మన మేస్త్రి స్క్రూడ్రైవర్ దానికి తక్కువదేమీ కాదు. ఆ చెవి ఏ ఐటీఐలోనూ తయారు కాలేదు, చిన్నప్పటి నుంచి స్పానర్లు అందిస్తూ అందిస్తూ షెడ్డులోనే తయారైంది. పాడయ్యేది కూడా ఆ షెడ్డులోనే. ముప్ఫై ఏళ్ల సుత్తి దెబ్బలు, కంప్రెసరు మోత, సైలెన్సర్ విప్పిన ఇంజన్లు. అట్లాంటి మోతకు చెవిలో ముందు పోయేవి సన్నటి శబ్దాలట. కీచు ముందు పోతుంది, లోగొంతు రొద చివరిదాకా మిగులుతుంది. కొడుకు శ్రీసిటీలో ఏదో ఫ్యాక్టరీలో చేరి ఉంటాడు, చెవులకు రక్షణగా బిరడాలు కూడా అక్కడే ఇస్తారు. ‘యాడ’ అన్నది తప్పు ప్రశ్న అని ఇంతసేపు వెక్కిరించాను. ఆయన మనల్ని ఆ ప్రశ్న అడుగుతున్నది, ఆ శబ్దం తనకు వినపడక కూడా అయి ఉండవచ్చు.

ఏ ప్రశ్న అడిగినా చక్రం విప్పక తప్పదు. పైనా కిందా పట్టుకొని ఊపుతారు, బేరింగు గట్టిగానే ఉంటుంది. పక్కల పట్టుకొని ఊపుతారు, స్టీరింగు రాడ్లూ గట్టివే. బూటు చిరగలేదు, ప్యాడ్లకు ఇంకా ఆయుష్షుంది. ఆఖరుకు డిస్కు వెనక దుమ్ముకు అడ్డంగా ఉండే పలచటి రేకును స్క్రూడ్రైవర్‌తో కాస్త వంచితే శెనక్కాయ గింజంత రాయి ఒకటి టింగుమని సిమెంటు మీద పడి రెండు గంతులు వేస్తుంది. చక్రం తిప్పితే నిశ్శబ్దం. ‘‘ఎంతప్పా?’’ అని జేబులో చెయ్యి పెడతాడు యజమాని. ‘‘ఏం వద్దులే సామీ, రాయే కదా’’ అంటాడు మేస్త్రి, చేతులు పాతగుడ్డతో తుడుచుకుంటూ. యజమాని ఆ రాయిని తీసుకొని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. పది రోజుల బెంగకు అది చాలినట్టు అనిపించదు. ‘‘ఇంకోసారి బాగా చూడప్పా’’ అంటాడు, ‘‘ఎందుకైనా మంచిది, బేరింగు కూడా మార్చేద్దామా?’’